పడుగు పరిచే వీధి

పోయిన వేసవిలో మా ఊరి సర్పంచి గారి భర్త ఫోన్ చేశారు. సర్పంచి ఆయన భార్యే, కానీ ఫోన్లు మాత్రం ఆయనే చేస్తారు. ఊరి మొగదల పెద్ద బోర్డు ఒకటి పెట్టిస్తున్నారట. దాని మీద ఊరి చరిత్ర, చూడదగ్గ ప్రదేశాలు ఉండాలట. "చదువుకున్నవారు, ఉద్యోగం చేసినవారు, మీరు రాస్తేనే బాగుంటుందండీ. ఒక్క పేజీ చాలు. ఎక్కువైతే ఎవరూ చదవరు" అన్నారు.

నేను విజయవాడలో ఒక బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. జన్మలో రాసినవన్నీ ఆఫీసు ఉత్తరాలే. అయినా అంత మర్యాదగా అడిగేసరికి ఉబ్బిపోయి ఒప్పేసుకున్నాను. మా ఆయనది ఇబ్రహీంపట్నం. కరెంటు తయారయ్యే ఊరివాడినన్న గర్వం ఆయనకి ఇంకా పోలేదు. "మీ ఊళ్ళో చూడ్డానికేముందని బోర్డు? బస్సు ఎక్కడ ఆగుతుందో రాయించండి, పుణ్యముంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారమే చల్లపల్లి బస్సెక్కాను.

మా ఊరు ఆ దారిలోనే, కాలవ పక్కన ఉంటుంది. బస్సు దిగగానే లాకులు కనిపిస్తాయి. దొరల కాలంలో కాలవ తవ్వినప్పుడు పడవలు దాటించడానికి కట్టినవి. పడవలు పోయి చాలాకాలమైంది. లాకుల పక్కన ఇంజనీరు దొర బస చేయడానికి కట్టిన బంగళా ఉంది. మామూలు రోజుల్లో అందులో గబ్బిలాలుంటాయి, ఎన్నికలప్పుడు పోలీసులుంటారు. దాని అవతల రైసుమిల్లు పొగగొట్టం. మిల్లు కూల్చేశారు గానీ, గొట్టం కూల్చే ధైర్యం చాలక అలాగే వదిలేశారు. ఇప్పటికీ ఎవరిల్లు ఎక్కడని అడిగినా "గొట్టానికి ఇవతలా, అవతలా?" అనే మొదలుపెడతారు. ఆ తర్వాత మసీదు, మసీదు సందులో నూలుకు రంగులు వేసే ఇళ్ళు, రామాలయం, గ్రంథాలయం, పాలకేంద్రం. అంతే మా ఊరు.

నేను చరిత్ర రాస్తున్నానన్న కబురు నాకంటే ముందే ఊరంతా తిరిగింది. ఇక చూడండి నా అవస్థ. మిల్లు వీధివాళ్ళు గొట్టం పేరు మొదట రావాలన్నారు. కాలవ వీధివాళ్ళు బంగళాలో ఒకసారి గవర్నరు బస చేశాడన్నారు. ఏ గవర్నరో ఎవరూ చెప్పలేకపోయారు గానీ, ఆయన తిన్న కోడి ఎవరింటిదో మాత్రం అందరికీ తెలుసు. మా మగ్గాల వీధిలోనైతే ప్రతి ఇంటివాళ్ళూ చల్లపల్లి కోటలో పెళ్ళికి పంచె నేసింది తమ తాతే అన్నారు. అన్ని పంచెలూ కట్టి ఉంటే ఆ పెళ్ళికొడుకు పీటల మీద కూర్చోలేకపోయేవాడు. ఆ మాట పైకి అనలేదు. అందరివీ రాసుకుని, అందరిళ్ళలోనూ మజ్జిగ తాగాను.

మగ్గాల వీధిలోనే నేను పుట్టాను. మా నాన్న పోయాక ఆ ఇల్లు బాబాయి చేతికొచ్చింది. బాబాయీ పిన్నీ ఇప్పటికీ నేత మీదే బతుకుతున్నారు. వీధిలో ఇంకో రెండు మూడిళ్ళలో మగ్గాలు ఆడుతున్నా, వాళ్ళు గంజి పెట్టి చుట్టిన పడుగు నూలు మిల్లు నుంచి తెచ్చుకుంటారు. బాబాయి ఆ పడుగు ముట్టుకోడు. "అది నూలు కాదే, చెక్క" అంటాడు. ఆయనకి ఇంట్లో కాచిన గంజి కావాలి, వీధిలో పరిచిన పడుగు కావాలి.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చీర పొడుగునా పోయే దారాలన్నీ కలిపి పడుగు. అది మగ్గం ఎక్కే ముందు గంజి తాగాలి, లేకపోతే దారాలు తెగుతాయి. అందుకని తెల్లవారుతుండగానే వీధికి ఈ కొసనా ఆ కొసనా గూటాలు పాతి, వాటి మధ్య పడుగును నడుమెత్తున బిగించి కడతారు. గంజి చల్లుతారు. తర్వాత మనిషి చేతికి మించిన పొడుగున్న కుంచె ఒకటి పట్టుకుని, అటొకరు ఇటొకరు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ దువ్వుతారు. ఎండ ముదిరేలోపు ఆరాలి, ఆరేలోపు ఏ దారమూ పక్కదానికి అంటుకోకూడదు. మగవాడు ఒక పక్క, ఆడది ఒక పక్క, ఎదురెదురుగా ఒకే అడుగు వేస్తూ నడుస్తారు. మా అమ్మా నాన్నా పోట్లాడుకున్న రోజుల్లో కూడా ఆ నడక తప్పలేదు. మాట్లాడుకోకుండా నడిచేవాళ్ళు, అంతే.

మిగతా వీధులన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇళ్ళు కట్టుకోవడంతో వంకర్లు తిరిగాయి. మా వీధి మాత్రం సూటిగా, వెడల్పుగా ఉంటుంది. ఎవరూ అరుగు ముందుకు జరపలేదు, బావి తవ్వలేదు, వేపమొక్క కూడా నాటలేదు. పడుగు కోసమే ఆ వీధి అలా పుట్టింది. తడి పడుగు వీధిలో ఉంటే ఎవరూ దాన్ని దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. పాలవాడైనా, పెళ్ళివారైనా ఆగాల్సిందే, లేదా చుట్టు తిరిగి పోవాల్సిందే. చిన్నప్పుడు కుక్కల్నీ కోళ్ళనీ అదిలించే పని పిల్లలది. నేను ఆ పని మహా దర్జాగా చేసేదాన్ని.

మసీదు సందులో రంగుల సాయిబుగారు ఉన్నారు. మా వీధి నూలుకు రంగులు వేసింది వాళ్ళ ఇంటివాళ్ళే, తాతల నాటి నుంచీ. నేను వెళ్ళేసరికి ఆయన నీలం రంగు వేసిన నూలు కట్టలు, చిలపలు, ఆరేస్తున్నారు. చరిత్ర అనగానే పీర్ల పండుగ సంగతి చెప్పారు.

"మా నాయన పీరెత్తుకుని ముందు నడుత్తున్నాడమ్మా. మీ వీధి మలుపు తిరిగేసరికి పడుగుంది, తడిది. డప్పులు ఆపేశారు. మా నాయన పీరెత్తుకునే నిలబడ్డాడు. ఎంతసేపని? అది ఆరిందాకా. మీ తాత వచ్చి దణ్ణం పెట్టి, 'సాయిబూ, చుట్టు తిరిగి పోకూడదా' అంటే, 'నా రంగే గదయ్యా దాని మీదుంది, చెడగొట్టుకుంటానా' అన్నాడంట."

చెప్పి ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఇది రాస్తే బాగుంటుందనిపించింది. కానీ బోర్డు మీద రాయడానికి మా వీధిలో చూపించేదేముంది? వీధిలో ఏమీ లేకపోవడమే దాని ప్రత్యేకత. దాన్ని చూడదగ్గ ప్రదేశమని ఎలా చెప్పను?

ఆ ఆలోచనతోనే మా వీధిలోకి వచ్చాను. వీధి నడిమధ్యన, ఈ కొస నుంచి ఆ కొసకి, సున్నంతో వేసిన గుండ్రటి గుర్తులు కనిపించాయి. పిన్ని అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఏమిటివి అని అడిగాను.

"లైట్లకంట. సెంటర్ లైటింగంట. మధ్యలో గట్టు కట్టి స్తంభాలు పాతుతారంట, మీ విజయవాడ బెంజ్ సర్కిల్ కాడ లాగా" అంది పిన్ని, రాట్నం ఆపకుండా.

"మరి పడుగు?"

పిన్ని రాట్నం ఆపింది. లోపల మగ్గం గుంటలో నుంచి బాబాయి దగ్గు వినిపించింది.

లైట్లు అక్కర్లేదని ఎవరూ అనలేరు. మా వీధి ఆడపిల్లలు విజయవాడలో షాపుల్లో పనిచేసి చివరి బస్సుకి దిగుతారు. వానాకాలం కాలవ గట్టు మీద నుంచి పాములు కూడా వస్తాయి. లైట్లు కావాలి. కానీ వీధి మధ్యన గట్టూ స్తంభాలూ వస్తే పడుగు పరచడం ఉండదు. పడుగు పరచకపోతే బాబాయి నేయడు. నేయకపోతే ఆయనకున్న దారి ఒకటే. బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షోరూములో చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పని ఉందని తెలిసినవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎవరో నేసిన చీరలు బాబాయి మడతపెడుతూ కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను.

తిన్నగా సర్పంచి గారింటికి వెళ్ళాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి తలుపు పక్కన నిలబడ్డారు. మాట్లాడింది ఆయనే.

"లైట్లు గోడలకి బిగించవచ్చు గదండీ" అన్నాను.

"బిగించొచ్చండీ. కానీ గోడలకి పెడితే వీధి దీపాల్లాగుంటాయ్ గానీ, సెంటర్ లైటింగ్ లాగుండదు గదండీ."

"అవి వీధి దీపాలే గదా?"

"అట్టంటే ఎట్టాగండీ" అని నొచ్చుకున్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. "ఊరికే పెట్టట్లేదండీ. గ్రామసభలో అడిగాం. ఇంటికొక చెయ్యి లెక్కన ఎత్తమన్నాం. అందరికంటే ముందు చెయ్యెత్తింది మీ బాబాయిగారే."

తిరిగి ఇంటికి వచ్చి బాబాయిని మగ్గం దగ్గరే నిలదీశాను.

"ఎత్తాను" అన్నాడు. "లైట్లు కావాలా అన్నారు. కావాలన్నాను. ఆడపిల్లలు చీకట్లో వస్తన్నారు, ఒద్దంటానా? యాడ పెడతారో నాకేం తెలుసే? మన వీధి మధ్యన ఎవడైనా ఏదైనా పాతుతాడని కల్లో గూడా అనుకోలేదు."

అది నిజం. ఆ సభలో మా వీధివాళ్ళు ఇంకెందరో ఉన్నారు. ఒక్కరికీ తట్టలేదు. పుట్టినప్పటినుంచీ ఖాళీగా చూసిన చోటు ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందనుకున్నారు. ఈ పొరపాటు మా మగ్గాల వీధివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు.

"అయితే వెళ్ళి ఆ మాటే చెప్పు."

"ఎత్తిన చెయ్యి దించమంటావా? నలుగుర్లో ముందెత్తినోణ్ణి, ఇప్పుడు మళ్ళీ పోయి నాకు పడుగుకి అడ్డమండీ అంటే, నా ఒక్కడి కోసం అందరికీ చీకటి చేసినోణ్ణవుతాను. నాకు మొహం చెల్లదు."

"మొహం చెల్లకపోతే మగ్గం పోతుంది."

"పోతే పోద్ది" అన్నాడు. అని మగ్గం కింది పలకని కాలితో గట్టిగా తొక్కాడు. మొండివాడు. మా వంశంలో అందరికీ ఉన్న మొండితనమే, నాకూ ఉంది, కాబట్టి గుర్తుపట్టాను. ఎంతసేపు పోట్లాడినా లాభం లేకపోయింది. పిన్ని ఒక్క మాట కూడా కల్పించుకోలేదు. ఆవిడ ఎప్పుడూ అంతే. పెళ్ళై వచ్చినప్పటినుంచీ బాబాయి మాటకి అడ్డం చెప్పడం నేను చూడలేదు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

బోర్డు పేజీ పూర్తి చేసి ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళేసరికి గుంటలు తవ్వే రోజు వచ్చేసింది. ముందురోజు సాయంత్రం వెళ్ళి బాబాయింట్లోనే పడుకున్నాను. పొయ్యి మీద నూకల గంజి ఉడుకుతోంది. ఏ నూకలు, ఎంత పులవాలి, ఎన్ని చుక్కల నూనె వేయాలి అన్నది పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. బాబాయి ఆ విషయంలో వేలు పెట్టడు. ఎవరూ పైకి అనలేదు గానీ, అది ఆఖరి పడుగని ముగ్గురికీ తెలుసు.

తెల్లవారగానే గూటాలు పాతి నీలం పడుగు బిగించారు. రంగుల సాయిబుగారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. తన రంగు ఎండలో ఎలా ఉందో చూసుకోకపోతే ఆయనకి తోచదు. వీధిలో కొందరు ఇళ్ళముందు నిలబడ్డారు. నేత మానేసి ఆటో నడుపుకునేవాళ్ళు, టైలర్లు, పాలు అమ్మేవాళ్ళు. ఒకరు వచ్చి తెగిన దారం ముడివేశారు, ఇంకొకరు పడుగు దారాల మధ్య కర్ర సర్దారు. ఎవరూ పిలవలేదు. చేతులు ఊరుకోక వచ్చారు.

బాబాయీ పిన్నీ కుంచె పట్టుకుని మొదటి విడత దువ్వి వెనక్కి తిరుగుతుండగా వీధి చివర ట్రాక్టరు ఆగింది. దానికి గుంటలు తవ్వే యంత్రం బిగించి ఉంది. పైవూరి డ్రైవరు హారన్ కొట్టాడు. "పడుగుందయ్యా, ఆగు!" అని నాలుగు గొంతులు ఒక్కసారే అరిచాయి. వెనకే సర్పంచి గారు, ఆవిడ భర్త బండి మీద వచ్చారు. మొదటి గుంట దగ్గర కొబ్బరికాయ కొట్టాలి గదా. ఆయన పడుగును చూడగానే బండి దిగి, చెప్పులు ఒక పక్కన పెట్టి నిలబడ్డాడు. ఎంతైనా ఈ ఊరివాడే.

"కానివ్వండి బాబాయిగారూ, మీదయ్యాకే మొదలెడదాం. తొందరేం లేదు" అన్నాడు మర్యాదగా.

బాబాయి తలూపి అడుగు వేశాడు. కుంచె కదల్లేదు. రెండో కొస పిన్ని చేతిలో ఉంది, పిన్ని ఆగిపోయింది. పిన్ని ఆగితే బాబాయి ఆగాల్సిందే.

"నడువు" అన్నాడు బాబాయి మెల్లగా.

పిన్ని నడవలేదు. వీధి చివరకి తిరిగి చూసింది. ఆవిడ గొంతు నేను అంత పెద్దగా ఎన్నడూ వినలేదు.

"ఏమండీ, సర్పంచిగారూ. మా ఆయన చెయ్యెత్తాడు, నిజమే. నేనెత్తలేదు."

సర్పంచి గారి భర్త ఇబ్బందిగా నవ్వాడు. "ఇంటికొక చెయ్యి అన్నాం గదండీ..."

"ఇంటికొక చేత్తో పడుగు లేవదండీ" అంది పిన్ని. "ఆయనొక్కడే ఇటు పక్కన నడుత్తా దువ్వుకోమనండి, చూద్దాం. ఇందులో సగం నాది. గంజి నాది, కండెలు నావి, ఈ అంచు నాది. నా సగాన్ని నన్నడక్కుండా ఎట్టా తీసేత్తారు? లైట్లొద్దని నేనన్లేదు. మా గోడకి పెట్టండి. రెండు పెట్టుకోండి. వీధి మాత్రం నాకొదిలెయ్యండి."

ఇన్నాళ్ళూ ఆవిడది నోరు లేని తనమనుకున్నాను. ఆవిడ సంగతి నాకేమీ తెలియదని అప్పుడు తెలిసింది.

సర్పంచి గారి భర్త ఏదో అనబోయాడు. ఈసారి ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి సర్పంచి గారే ముందుకు వచ్చారు. పడుగును దాటకుండా దాని పక్కనే నడుచుకుంటూ వచ్చి, అరుగుల మీద నిలబడిన ఆడవాళ్ళని చూశారు.

"మీరేమంటారు? నేను అడుగుతున్నాను. మగాళ్ళని కాదు, మిమ్మల్నే."

పాలు అమ్మే ఆవిడ, "మా గోడకీ పెట్టండమ్మా, గుమ్మం మీద వెలుగు పడేట్టు" అంది. ఇంకో ఇంటావిడ, మలుపులో ఉంది గాబట్టి తమ గోడకే పెద్ద లైటు రావాలంది. మూడో ఆవిడ దానికి ఒప్పుకోలేదు. కాసేపటికి ఎవరి గోడకి ఏ లైటు అన్న దాని మీద పెద్ద పోట్లాట మొదలైంది. సర్పంచి గారు నవ్వుతూ ట్రాక్టరు డ్రైవరుకి చెయ్యి ఊపారు, వెళ్ళిపొమ్మని. కొబ్బరికాయ ఆవిడ భర్త చేతిలో అలాగే ఉండిపోయింది. రంగుల సాయిబుగారు దాన్ని అడిగి తీసుకుని, పగలగొట్టి, ముక్కలు అందరికీ పంచారు.

బాబాయి మాత్రం ఉన్నచోటే నిలబడి ఉన్నాడు. కుంచె చేతిలోనే ఉంది. పడుగుకి అవతల నిలబడిన పిన్నిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. తిడతాడేమోనని నాకు భయమేసింది. మెల్లగా అడిగాడు.

"మన గోడకి లైటు యాడ పెట్టించమంటావు?"

ఆయన ఆవిణ్ణి ఒక సంగతి అడగడం నేను వినడం అదే మొదటిసారి.

పిన్ని గంజి తడిని వేళ్ళతో చూసింది. కుంచె సర్దుకుని అడుగు ముందుకేసింది. బాబాయి కూడా వేశాడు.

"ఆలోచించి చెప్తాలే" అంది.